రంగు చూసి పాత నాగలి కొనకండి

సంపాదకులు గారికి నమస్కారం.

వేసవి లోతు దుక్కుల గురించి మీ వ్యవసాయం పేజీలో ఏటా రాస్తూనే ఉన్నారు. లద్దె పురుగు, శనగపచ్చ పురుగు కోశాలు బయటపడి ఎండకూ పక్షులకూ పోతాయనీ, తుంగ గడ్డలు పైకి తేలి ఎండుతాయనీ, తొలి వాన నీరు లోపలికి ఇంకుతుందనీ మీరు రాసేదంతా నిజం. దానికి రెక్క నాగలి, అంటే మట్టిని కోసి బోర్లా తిప్పేసే నాగలి, వాడమని కూడా చెబుతారు. అక్కడితో ఆపేస్తారు. చిన్న ట్రాక్టరు ఉన్న రైతు ఆ నాగలి ఎక్కడ తెచ్చుకోవాలి, పాతది దొరికితే ఏం చూసి కొనాలి అన్న మాట నాకు ఎక్కడా కనపడలేదు. ఈ ఉత్తరం అందుకే. కొంచెం పొడుగైనా వేయమని వేడుకుంటున్నాను. పొగాకు వేలం డబ్బులు చేతికొచ్చే ఈ నెలల్లోనే మా వైపు పాత పనిముట్లు ఎక్కువగా చేతులు మారతాయి.

నేను కొండపి వైపు రోడ్డు పక్కన వెల్డింగు కొట్టు నడుపుతాను. మాది కొలిమి ఇల్లు. మా నాన్న అరక నాగళ్ళకు కర్రులు సాగగొట్టి పదును పెట్టేవాడు. అరకలు తగ్గి ట్రాక్టర్లు వచ్చాక నేను గొర్రులూ రోటవేటర్లూ నాగళ్ళూ బాగుచేసే పనిలోకి వచ్చాను. కాస్త చేను కూడా ఉంది, సగం నల్లరేగడి, సగం తేలిక నేల. కాబట్టి నాగలిని బల్ల మీదా చూస్తాను, చాలులోనూ చూస్తాను.

ఈ నాలుగైదేళ్ళుగా మా మండలంలో చిన్న ట్రాక్టర్లు బాగా పెరిగాయి. 20 నుంచి 28 హార్స్‌పవర్ బండ్లు. పొగాకు సాళ్ళ మధ్యా పత్తి సాళ్ళ మధ్యా, బత్తాయి, నిమ్మ తోటల్లోనూ తిరగడానికి కొన్నారు, ఆ పనికి అవి చక్కగా సరిపోతున్నాయి. దుక్కికి మాత్రం రోటవేటరే. అది నాలుగైదు అంగుళాలకు మించి పోదు. ఏటా అదే లోతులో తిప్పడం వల్ల దాని కింద నేల గట్టిబారి పలక కట్టింది. వాన పడితే నీరు ఆ పలక మీద నిలబడి పక్కకు జారిపోతోంది, శనగ వేరు కిందికి పోలేక అక్కడే వంకర తిరుగుతోంది. రైతుకు ఇది తెలుసు. అందుకే పెద్ద నాగలి కావాలనుకుంటాడు. కొత్తది కొనే స్తోమత లేక, పెద్ద రైతు ఇంటి ముందు వేపచెట్టు కింద పడి ఉన్న పాత రెండు రెక్కల నాగలిని బేరమాడతాడు. అమ్మేవాడు దానికి ఎర్ర రంగో నీలం రంగో కొట్టి ఉంచుతాడు. కొని, ట్రాలీలో వేసుకుని నేరుగా నా కొట్టుకు వస్తాడు. "అన్నా, బండి లాగటంలా, ఒక రెక్క కోసేసి చిన్నది చెయ్యి" అంటాడు. చెయ్యగలను, కూలి తీసుకోగలను. కానీ అప్పటికే అతని డబ్బు పోయింది. ఆ డబ్బు పోక ముందే చెప్పాలన్నది నా ఆరాటం.

నాగలి కంటే ముందు ట్రాక్టరు చూసుకోవాలి. హార్స్‌పవర్ ఒక్కటే చూస్తే చాలదు, బండి బరువు చూడాలి. లెక్క కష్టమేమీ కాదు, పదో తరగతి చదివే పిల్లవాడు కట్టగలడు. చాలు వెడల్పును లోతుతో గుణిస్తే నాగలి కోసే మట్టి ముఖం వస్తుంది. ఆ ముఖంలో ప్రతి చదరపు సెంటీమీటరుకూ ఇసుక నేలలో పావు కిలో, గరప నేలలో అర కిలో, బంక నల్లరేగడిలో ముప్పావు కిలో పైన లాగుడు పడుతుంది. నేల తేమ పదును తప్పి ఎండిపోతే ఇంకా పెరుగుతుంది. 12 అంగుళాల నాగలి అంటే 30 సెంటీమీటర్లు. 8 అంగుళాల లోతంటే 20 సెంటీమీటర్లు. గుణిస్తే 600. గరప నేలలో 300 కిలోల లాగుడు. రేగడికి 0.8 వేసుకుంటే 480 కిలోలు. ఇదంతా ఒక్క రెక్కకు. రెండు రెక్కలైతే రేగడిలో 960 కిలోలు.

ఇప్పుడు బండి సంగతి. 24 హార్స్‌పవర్ చిన్న ట్రాక్టర్లు చాలావరకు వెయ్యి కిలోలకు అటూ ఇటూ తూగుతాయి. గట్టి నేల మీద ట్రాక్టరు తన బరువులో సగం మేర లాగగలదు, గుల్లబారిన నేలలో అంత కూడా లాగలేదు. అంటే దాదాపు 500 కిలోలు. 12 అంగుళాల రెక్క ఒక్కటి రేగడిలో 8 అంగుళాల లోతున లాగడమే దాని హద్దు. రెండు రెక్కలు తగిలిస్తే ఇంజను ఎంత అరిచినా చక్రం ఉన్నచోటే తిరిగి టైరు అరుగుతుంది. గంటకు 4 కిలోమీటర్ల నడకలో 480 కిలోలు లాగడానికి చక్రం దగ్గర 7 హార్స్‌పవర్ చాలు. శక్తి ఉంది, పట్టు లేదు. "24 హార్స్‌పవర్ ఉంది కదా, ఎందుకు లాగదు" అని నన్ను అడిగే ప్రతి రైతుకూ ఇదే జవాబు చెబుతున్నాను. వెనక చక్రాలకు ఇనుప బరువులు కట్టినా, టైర్లలో నీళ్ళు నింపినా కొంత పట్టు పెరుగుతుంది. ఒకటిని రెండు చేసేంత పెరగదు.

కాబట్టి నా మాట ఇది: 30 హార్స్‌పవర్ లోపు బండికి ఒంటి రెక్క నాగలే కొనండి. రేగడి చేనైతే 10 లేదా 12 అంగుళాలది. తేలిక నేలైతే 14 అంగుళాలది కూడా లాగుతుంది. అంతకు మించి చవగ్గా వచ్చినా వద్దు. లోతు విషయంలో కూడా ఆశపడొద్దు. వెడల్పులో మూడింట రెండు వంతుల కంటే లోతు పెట్టామంటే మట్టి సరిగా బోర్లా పడక పక్కకు నిలబడి ఉండిపోతుంది, కలుపు మళ్ళీ అక్కడే లేస్తుంది. 12 అంగుళాల నాగలికి 8 అంగుళాలే హద్దు. రోటవేటరు పలక పగలడానికి అది సరిపోతుంది.

ఒంటి నాగలికి ఇంకో లాభం ఉంది. దున్నేటప్పుడు కుడి వెనక చక్రం తెరిచిన చాలులో నడవాలి. చిన్న బండ్ల వెనక టైరు 8 అంగుళాల వెడల్పు ఉంటుంది, 12 అంగుళాల చాలులో హాయిగా ఇముడుతుంది. పెద్ద ట్రాక్టరు 13.6 అంగుళాల టైరు అదే చాలులో పట్టక దున్నిన మట్టిని తొక్కుతుంది. అందుకే పెద్ద బండ్ల కోసం చేసిన నాగళ్ళ కొలతలు వేరు, వాటిని మన బండికి తగిలించి సర్దుకుపోదామంటే కుదరదు.

తర్వాత పిన్నులు. నాగలిని బండి వెనక మూడు చోట్ల పిన్నులతో తగిలిస్తాం, కింద రెండు చేతులకూ, పైన టాప్ లింకు అనే కడ్డీకీ. చిన్న ట్రాక్టర్ల కింది చేతులకు 22 మిల్లీమీటర్ల పిన్ను, టాప్ లింకుకు 19 మిల్లీమీటర్ల పిన్ను పడతాయి. పెద్ద వాటికి 28, 25. కింది రెండు పిన్నుల మధ్య దూరం కూడా చిన్నవాటికి 68 సెంటీమీటర్లు, పెద్దవాటికి 82 దాకా. బేరానికి వెళ్ళేటప్పుడు జేబులో టేపు ఉంటే ఈ కొలతలతోనే ఆ నాగలి ఏ బండి కోసం చేసిందో తెలిసిపోతుంది. బుష్‌లు వేసి పిన్నులు సరిపెట్టవచ్చు. కానీ పిన్ను మారినంత మాత్రాన నాగలి చిన్నదైపోదు, దాని బరువూ లాగుడూ అలాగే ఉంటాయి. మన బండి లిఫ్టు ఎత్తే బరువు 700, 750 కిలోలని పుస్తకంలో రాసి ఉంటుంది. అది చేతుల చివర కొలిచిన లెక్క. నాగలి బరువంతా దానికి ఇంకా వెనక వేలాడుతుంది. 300, 400 కిలోల రివర్సబుల్ నాగలి, అంటే చాలు చివర రెక్కను రెండో వైపుకు తిప్పుకునేది, ఎత్తి గట్టు ఎక్కబోతే ముందు చక్రాలు లేస్తాయి. ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం. ముందు బరువులు లేకుండా ఎత్తిన నాగలితో గట్లు దాటొద్దని నా కొట్టుకు వచ్చే కుర్రాళ్ళందరికీ గట్టిగా చెబుతాను.

ఈ మూడు పిన్నుల పద్ధతిని 1920ల్లో ఐర్లండు మనిషి హ్యారీ ఫెర్గూసన్ తెచ్చాడు. నాగలి బండికి వేలాడుతూ పనిచేస్తుంటే మట్టి లాగుడు వెనక చక్రాల మీదికి బరువుగా వచ్చి పట్టు పెంచుతుంది. తేలిక బండి కూడా నాగలి లాగగలగడం దీనివల్లే. అయితే ఆ మేలు అందాలంటే దున్నేటప్పుడు డ్రాఫ్టు లివరు వాడాలి, లాగుడు పెరిగితే నాగలిని కాస్త పైకెత్తేది అదే. మన వాళ్ళలో చాలామంది నాగలిని ఒకే ఎత్తులో నిలిపి ఉంచే పొజిషను లివరు ఒక్కటే పట్టుకుని దున్నుతారు. గట్టి నేల తగిలినప్పుడు నాగలి దానంతటది కాస్త లేవకుండా బిగిసి ఉండిపోతుంది, చక్రం జారుతుంది. నాగలి చెడ్డదని అమ్ముకున్న వాళ్ళలో కొందరి నాగలి నిజానికి మంచిదే.

ఇక పాత నాగలిని చూడటం. అమ్మేవాడు చూపించే వైపు కాదు, అడుగు వైపు తిప్పి చూడాలి. పక్కకు పడేయమని అడగండి. మొహమాటపడొద్దు.

మట్టిని కోసే కర్రు, దాన్ని తిప్పే రెక్క, చాలు గోడకు ఒరుసుకుంటూ పోయే పక్కపట్టీ, ఈ మూడింటినీ బోల్టులతో కలిపి పట్టుకునే దిమ్మె ఒకటి ఉంటుంది. మా పనివాళ్ళం ఫ్రాగ్ అంటాం. నాగలి ప్రాణం అందులో ఉంది. కర్రు అరిగితే కొత్తది వస్తుంది, రెక్క పోతే రెక్క వస్తుంది, పక్కపట్టీ ఇనుప బద్దతో నేనే చేసిస్తాను. ఫ్రాగ్ పగిలితే ఆ నాగలికి ధర పాత ఇనుము ధరే. చాలా పాత నాగళ్ళలో ఇది పోత ఇనుము. పోత ఇనుముకు మామూలు రాడ్డుతో వెల్డింగు చేస్తే అతుకు నిలుస్తుంది, పక్కనే మళ్ళీ పగులుతుంది. రాయి తగిలిన మొదటి రోజే తెలిసిపోతుంది. పోత ఇనుమో ఉక్కో తెలుసుకోవాలంటే ఒక మూల గ్రైండరు ఆనిస్తే చాలు. పోత ఇనుము నిప్పురవ్వలు పొట్టిగా, ఎర్రగా వచ్చి ఆరిపోతాయి. ఉక్కు రవ్వలు తెల్లగా దూరం పోయి చిట్లుతాయి.

పగులు కంటికి కనపడకపోతే మా నాన్న నేర్పిన పద్ధతి ఉంది. ఇప్పటికీ నేను అదే చేస్తాను. అనుమానం ఉన్నచోట రంగు గీకి, వైరు బ్రష్షుతో రుద్ది, డీజిలు పూసి కాసేపు ఉంచాలి. తర్వాత గుడ్డతో శుభ్రంగా తుడిచి సుద్దముక్క రాయాలి. పగులు ఉంటే లోపల దాగిన డీజిలు బయటికి ఊరి తెల్ల సుద్ద మీద సన్నని నల్లగీత వస్తుంది. ఫ్రాగ్ మీదా, దాన్ని మోసే పై దూలం వంపు దగ్గరా, టాప్ లింకు తగిలించే నిలువు పట్టీల మొదట్లోనూ ఇలా చూడాలి. గీకడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే బేరం అక్కడే వదిలేసి రండి.

రంగు గురించి ఒక మాట. దూలానికి రంగు వేస్తే తప్పు లేదు, తుప్పు పట్టకుండా వేస్తారు. రెక్క ముఖానికి రంగు వేస్తే మాత్రం అనుమానించాలి. పనిచేసే రెక్క మట్టి రాపిడికి అద్దంలా మెరుస్తూ ఉంటుంది. దాచేటప్పుడు తెలిసిన రైతు దానికి గ్రీజు పూస్తాడు, రంగు పూయడు. రంగు కింద గుంటలు పడిన తుప్పైనా ఉంటుంది, అతికిన ముక్కైనా ఉంటుంది. పైపై తుప్పైతే ఇసుక నేలలో అర ఎకరం దున్నితే పోతుంది. గుంటల తుప్పు పోదు. మన రేగడి ఆ గుంటల్లో పట్టుకుని రెక్క నిండా మెత్తుకుంటుంది, ఇక మట్టి తిరగదు, బండి మట్టిని తోసుకుంటూ పోతుంది. 1903లో లక్ష్మణరావు కిర్లోస్కర్ ఇనుప నాగళ్ళు చేసినప్పుడు ఇనుము తగిలితే నేల విషమైపోతుందని రైతులు కొనడానికి జంకారట. ఆనాటి వాళ్ళు ఇనుమునే నమ్మలేదు. ఇప్పటి వాళ్ళు రంగును నమ్ముతున్నారు. అది చూస్తే నాకు బాధ కలుగుతుంది.

రెక్క మందం తెలుసుకోవడానికి పానాతో తట్టి చూడాలి. కర్రుకు ఆనుకున్న ముందు అంచు ముందుగా అరుగుతుంది. అక్కడ కత్తి అంచులా పలచబడి ఉంటే రెక్క మార్చే ఖర్చు బేరంలో తగ్గించుకోవాలి. బోల్టులు కూడా చూడండి. నాగలి బోల్టు తల రెక్కలో మునిగి ఉంటుంది, దాని మెడ నలుచదరంగా ఉండి చదరపు రంధ్రంలో కూర్చుంటుంది. రంధ్రం గుండ్రంగా అరిగిపోతే నట్టు బిగిస్తుంటే బోల్టు కూడా తిరుగుతుంది. అప్పుడు జనం వెల్డింగు పెట్టేస్తారు. కర్రును వెల్డింగుతో అతికించిన నాగలి కొంటే తర్వాత కర్రు మార్చాలంటే కోయడం తప్ప దారి లేదు.

అన్నింటికంటే ఎక్కువగా నా దగ్గరికి వచ్చే ఫిర్యాదు "నాగలి దిగటంలా" అని. దాని మీద రైతు ఎక్కి నిలబడతాడు, రాళ్ళు కడతాడు. దిగడం బరువుతో వచ్చేది కాదు. కర్రు మొన కాస్త కిందికి వంగి ఉండటంతో వస్తుంది. నాగలిని పక్కకు పడేసి, కర్రు మొనకూ పక్కపట్టీ మడమకూ (వెనక చివరకు) ఆనేలా తిన్నని ఇనుప బద్ద పెట్టండి. మధ్యలో, కర్రూ పట్టీ కలిసే చోట, 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు ఉండాలి. అదే బద్దను చాలు గోడ వైపు నుంచి ఆనించినా 5 మిల్లీమీటర్ల దాకా సందు కనపడాలి. మొదటి సందు లేకపోతే నాగలి దిగదు, రెండోది లేకపోతే నిండు వెడల్పు కోయకుండా చాలు నుంచి జారుతుంది. కొత్త కర్రు వేస్తే ఈ రెండూ తిరిగి వస్తాయి. కాబట్టి సందు లేనంత మాత్రాన నాగలిని వదులుకోనక్కర్లేదు, కర్రు ధర తగ్గించుకుంటే సరి. ఉక్కు కర్రైతే కొలిమిలో కాల్చి మొన సాగగొట్టి మళ్ళీ పదును పోయించవచ్చు. పోత కర్రుకు ఆ వైద్యం లేదు, కాల్చి కొడితే ముక్కలవుతుంది.

కొత్త కర్రు దొరుకుతుందా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. కంపెనీ నాగలైతే ఒంగోలు స్పేర్‌పార్టుల కొట్లలో ఏదో ఒకచోట దొరుకుతుంది. ఊరి షెడ్డులో చేసిన నాగలైతే రంధ్రాల దూరం ఎవరి ఇష్టం వారిది. బేరం ఖాయం చేయక ముందే కర్రును అట్టముక్క మీద పెట్టి చుట్టూ గీసుకోండి, రంధ్రాలు కూడా గీసుకోండి. ఆ అట్ట తీసుకుని కొట్టుకు వెళ్ళి కర్రు ఉందేమో అడిగి, ఉంటేనే నాగలికి డబ్బు ఇవ్వండి. నా మట్టుకు నేను, చేసినవాడు ఇంకా షెడ్డు నడుపుతూ కర్రులు ఇస్తుంటే ఊరి నాగలినే మెచ్చుకుంటాను. మన నేల ఎరిగి చేస్తాడు.

దూలం వంగిందేమో చూడటానికి నూలు తాడు చాలు. ఈ చివర నుంచి ఆ చివరకు లాగి పట్టుకుంటే వంపు తెలుస్తుంది. నాగలిని చదునైన సిమెంటు కళ్ళం మీద నిలబెట్టి మొనా మడమా రెండూ ఆనుతున్నాయా అని కూడా చూడాలి. పిన్ను రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలో అరిగి ఉంటే బుష్ వేసి సరిచేయవచ్చు, పెద్ద ఖర్చు కాదు. మొనకూ దూలానికీ మధ్య ఖాళీ జాగా చూసుకోండి. పొగాకు మోళ్ళు, కంది కట్టె ఉన్న చేలో ఆ జాగా తక్కువైతే చెత్త ఇరుక్కుని ప్రతి పది బారలకూ దిగి లాగేయాల్సి వస్తుంది. రాయి తగిలినప్పుడు తెగడానికి పెట్టిన బోల్టు తలమీద 8.8 అని ఉండాల్సిన చోట 10.9 బోల్టు వేసి ఉంటే, గత యజమాని బోల్టులు తెగి తెగి విసిగి గట్టిది వేశాడన్నమాట. అలాంటి నాగలి దూలాన్ని రెండోసారి చూడండి.

రివర్సబుల్ నాగలి మంచిదే, మట్టి అంతా ఒకే వైపు పడి చేను మధ్యలో గాడి మిగలదు. కానీ హైడ్రాలిక్‌ది తిరగాలంటే బండికి వెనక రెండు నూనె పైపులు తగిలించే వాల్వు ఉండాలి. చాలా చిన్న బండ్లకు అది ఉండదు. తర్వాత పెట్టిద్దాంలే అని కొన్నవాళ్ళు ఆ ఖర్చు విని వెనక్కి తగ్గుతారు. చేత్తో తిప్పే రివర్సబుల్ ఒంటి నాగలి దొరికితే, తిరిగే ఇరుసు బుష్‌లు లూజు లేకుంటే, కొనొచ్చు.

ఇన్నీ చూసి నచ్చినా డబ్బు ఇవ్వడానికి ముందు చాలు తోలించండి. అమ్మేవాడి బండితో కాదు, మీ బండితో. అతని ఇసుక దొడ్డిలో కాదు, మీ చేను లాంటి నేలలో. పిడికిట్లో మట్టి నొక్కితే ఉండ కట్టి, వేలితో పొడిస్తే విడిపోయే పదును ఉండాలి. నాగలి దించాక రెండు మూడు బారల్లోపే పూర్తి లోతుకు దిగాలి. దిగాక పైకీ కిందికీ ఊగకుండా నడవాలి. వెనక్కి తిరిగి చూస్తే మోళ్ళు, గడ్డి మట్టి కింద పడి ఉండాలి. చక్రం ఎంత జారుతుందో కూడా కొలవొచ్చు: టైరుకు సుద్దతో గుర్తు పెట్టి, నాగలి ఎత్తి పది చుట్లు నడిచిన దూరం, దించి పది చుట్లు నడిచిన దూరం రెండూ చూడండి. ఆరింట ఒక వంతు కంటే ఎక్కువ తగ్గితే ఆ నాగలి మీ బండికి ఎక్కువ. మొదటి చాలు చూసి తీర్పు చెప్పొద్దు, చక్రం చాలులో దిగి నడిచే రెండో చాలు నుంచి చూడాలి. టాప్ లింకు పొట్టి చేసి, పొడుగు చేసి చూస్తే సగం లోపాలు అక్కడికక్కడే సర్దుకుంటాయి.

అందరూ నాగలి కొనాలని కూడా నేను అనను. కనిగిరి వైపు రాతి చెలకల్లో రెక్క నాగలి కర్రులు విరగ్గొట్టుకోవడమే అవుతుంది. అక్కడ పళ్ళేల నాగలి రాయి మీద ఎక్కి దిగుతుంది, అదే నయం. సుబాబుల్, జామాయిల్ కొట్టేసి మళ్ళీ పైరు పెట్టాలనుకునే చేలల్లో మొద్దులు యంత్రంతో పెకలించకుండా చిన్న బండి నాగలి దించితే దూలం వంగుతుంది, నా కొట్టుకు వచ్చే వంగిన దూలాల్లో ఎక్కువ వీటివే. నెల్లూరు జిల్లాలో పెన్నా కాలవల కింద కోవూరు, ఇందుకూరుపేట వైపు వరి రైతులకు దమ్ము చేసిన మడి అడుగు గట్టిగా ఉండటమే కావాలి, నీరు నిలవాలి కదా. అక్కడ లోతు దుక్కి చేసి ఆ గట్టిదనం పగలగొడితే నీరు ఎక్కువ తాగుతుంది. ఎకరం, రెండెకరాలు ఉన్న రైతు ఏటా ఒకసారి దుక్కికి నాగలి కొనడం కంటే బాడుగకు తోలించుకోవడమే మేలు.

బాడుగ మాట వచ్చింది కాబట్టి అధికారులకు ఒక విన్నపం. కేంద్రం 2014-15 నుంచి వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ నడుపుతోంది, దాని కింద పనిముట్ల అద్దె కేంద్రాలకు సాయం ఉంది. మా చుట్టుపక్కల బాడుగకు దొరికే నాగళ్ళన్నీ 45 హార్స్‌పవర్ పైన ఉన్న బండ్లకు సరిపోయేవే. వాటి పక్కన 12 అంగుళాల ఒంటి రెక్క నాగలి ఒకటి, 22 మిల్లీమీటర్ల పిన్నులతో, ప్రతి మండలంలో ఉంచండి. చిన్న బండి ఉన్న రైతు రెండు రోజులు తెచ్చుకుని తన చేలో తోలి చూసుకుంటాడు. నచ్చితే అప్పుడు అలాంటిదే కొనుక్కుంటాడు. దర్శిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో యంత్రాలు పరీక్షించి శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ ఉంది. టాప్ లింకు సర్దడం, డ్రాఫ్టు లివరు వాడటం నేర్పే ఒక రోజు శిక్షణ వేసవి మొదట్లో మా మండలాల్లో పెట్టిస్తే, పాత నాగళ్ళలో చాలా వాటికి కొత్త కర్రు తప్ప ఇంకేం అక్కర్లేదని రైతులే చూసుకుంటారు. రైతు సేవా కేంద్రంలో ఒక టేపు, ఒక తిన్నని ఇనుప బద్ద ఉంచి, బేరానికి వెళ్ళే రైతుకు ఇచ్చి పంపినా మేలే.

మీకు కూడా ఒక విన్నపం. మీ పేజీలో పురుగు బొమ్మలు రంగుల్లో వేస్తారు, తెగులు సోకిన ఆకు బొమ్మలు వేస్తారు, మాకు ఎంతో ఉపయోగపడుతున్నాయి. ఈసారి ఒక రెక్క నాగలి బొమ్మ వేయండి, అడుగు వైపు నుంచి. మొనా మడమల మధ్య బద్ద పెట్టినట్టు, సందు ఎక్కడ ఉండాలో గీత గీసి, పిన్నుల కొలతలు పక్కన రాసి వేయండి. బొమ్మ గీయడానికి నాగలి కావాలంటే నా కొట్టులో ఒకటి విప్పి ఉంది, మీ విలేకరి వస్తే భాగం భాగం చూపిస్తాను. వేలం కేంద్రాలు మూయక ముందే వేస్తే బాగుంటుంది, ఆ తర్వాత డబ్బులు రైతుల చేతుల్లో ఉండవు.

ఇట్లు,
వెల్డింగు పనివాడు, రైతు
కొండపి మండలం, ప్రకాశం జిల్లా